థాంక్‌ఫుల్ తొట్టి

నేను ఒక ఉయ్యాల తొట్టిని. మీ ఇళ్ళలో దూలానికి వేలాడే ఉయ్యాల లాంటిదాన్ని కాను. నేల మీద రెండు వంపు కర్రల మీద కూర్చుని, ఎవరైనా కాలితో తోస్తే పక్కలకు ఊగుతాను. తల వైపు గూడులా చిన్న కప్పు ఉంది, పసిగుడ్డు మొహానికి చలిగాలి కొట్టకుండా. రెండు పక్కలా చెక్క గుబ్బలున్నాయి. బిడ్డ దొర్లి పడకుండా వాటికి అడ్డంగా నాడా అల్లి కట్టేవారు. నా వయసు మూడున్నర శతాబ్దాలు దాటింది. ఇంత వయసొచ్చినా ధైర్యం మాత్రం రాలేదు. ఒళ్ళో బిడ్డను పడుకోబెట్టారంటే చాలు, నా ప్రాణం నా దగ్గర ఉండదు. ఊపిరి ఆడుతోందా, ఎందుకింత మెల్లగా పీలుస్తోంది, ఇందాకటి దగ్గు మామూలు దగ్గేనా, ఇదే గోల. కుర్చీలకు ఈ బాధ లేదు. వాటిలో నిద్రపోయేవాళ్ళు గురక పెట్టి మరీ తాము బతికే ఉన్నామని చెబుతారు.

నన్ను చేసినవాడు ఎనాక్ వాడ్లీ. ఇంగ్లండులో తూర్పు తీరాన ఒక పల్లెటూరి వడ్రంగి. భార్య టేబితా నెల తప్పిందని తెలియగానే ఓక్ చెక్క కోయడం మొదలుపెట్టాడు. అంతలో ఊళ్ళో గొడవలు. రాజుగారి చర్చిలో ప్రార్థన చేసే పద్ధతి ఇతనికీ ఇతని లాంటి మరికొందరికీ నచ్చలేదు. నచ్చకపోతే నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా? మనుషులు అలా కూర్చోరు. సముద్రం అవతల అమెరికాలో తమకు నచ్చినట్టు ప్రార్థించుకోవచ్చని ఓడెక్కారు. తీరా అక్కడికి చేరాక, తమ పద్ధతి నచ్చనివాళ్ళను వీళ్ళే ఊళ్ళోంచి తరిమారనుకోండి, అది వేరే సంగతి.

ఓడ ఎక్కేటప్పుడు నన్ను వదిలెయ్యమని అందరూ టేబితాకు చెప్పారు. ఆ దేశంలో చెట్లకేం కొదవ, అక్కడే ఇంకోటి చేయించుకోవచ్చన్నారు. ఆమె వినలేదు. నా కడుపులో ఇత్తడి గిన్నె, విత్తనాల మూటలు, మేకుల సంచి సర్ది, తాళ్ళతో కట్టి, ఓడ అడుగున పెట్టించింది. ప్రయాణమంతా ఎలుకలు నన్ను సత్రం చేసుకున్నాయి. తుఫాను వచ్చినప్పుడల్లా టేబితా కడుపు పట్టుకుని నా పక్కన కూర్చునేది. అప్పటినుంచీ మా ఇద్దరికీ ఒకటే జబ్బు, భయం.

మసాచుసెట్స్ తీరంలో, ఉప్పు గడ్డి పెరిగే చిత్తడి నేల పక్కన వీళ్ళు ఇల్లు కట్టుకున్నారు. ఆ నేల ఎవరిదీ కాదనుకున్నారు. అంతకుముందే అక్కడ చేపలు పట్టుకుని, మొక్కజొన్న వేసుకుని బతికేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను అడగాలని వీళ్ళకు తోచలేదు. నాకూ తోచలేదు, ఆ రోజుల్లో నా ధ్యాసంతా టేబితా కడుపు మీదే ఉండేది.

మొదట మగపిల్లవాడు పుట్టాడు. శామ్యూల్. వాడు పుట్టిన పూటే ఎనాక్ సంచిలోంచి ఒక పొడుగాటి మేకు తీశాడు. పొయ్యిలో ఎర్రగా కాల్చి, నా కప్పు లోపలి వైపు ఆ బిడ్డ పేరులోని మొదటి అక్షరం వేశాడు. ఒళ్ళంతా పొగ. బిడ్డ పడుకునే చోట ఆ కంపేమిటని టేబితా మంచంలోంచే చివాట్లు పెట్టింది. అతను నవ్వి ఊరుకున్నాడు. వడ్రంగులు చేసిన వస్తువు మీద గుర్తు వేస్తారు కదా, ఇది కూడా అలాంటిదే అనుకున్నాడేమో.

రెండో కాన్పు కష్టమైంది. తల్లీ బిడ్డా దక్కారు. దేవుడికి కృతజ్ఞతగా ఆ ఆడపిల్లకు థాంక్‌ఫుల్ అని పేరు పెట్టారు. నవ్వకండి. ఆ కాలంలో ఆ ఊళ్ళో ఓర్పు, దయ, వినయం అన్నీ ఆడపిల్లల పేర్లై గౌనులు వేసుకుని తిరిగేవి. ఎనాక్ శామ్యూల్ అక్షరం కింద ఈ పిల్లకు ‘టి’ అక్షరం కాల్చాడు. రాగిరంగు జుట్టు ఆ పిల్లది. నిద్రలో నా గుబ్బ పట్టుకుని గానీ పడుకునేది కాదు.

రెండేళ్ళు నిండకుండానే దానికి గొంతు పూడుకుపోయే జబ్బు చేసింది. అప్పటికే కాళ్ళు నాలో పట్టడం లేదు, అయినా నా ఒళ్ళోకే తెచ్చారు. టేబితా కాలు తీయకుండా ఊపింది. ఆ ఊపిరి ఎలా బరువెక్కిందో, ఎలా సన్నబడిందో నాకు తెలుసు. ఎక్కడ ఆగిందో కూడా నాకే ముందు తెలిసింది. తల్లి ఇంకా ఊపుతూనే ఉంది. ఆమెకు చెప్పే నోరు నాకు లేదు. అంతకంటే నరకం నేను ఎరగను.

పిల్లను మట్టిచేసి వచ్చాక ఎనాక్ అదే మేకు తీసుకున్నాడు. ఈసారి కాల్చలేదు. ‘టి’ పక్కన పెట్టి, సుత్తితో నా కప్పు బయటికి వచ్చేదాకా కొట్టి, మళ్ళీ పెరికేశాడు. గుండ్రటి చిల్లు పడింది. ఎందుకు చేశాడో ఎవరికీ చెప్పలేదు. ఏడవడం చేతకాని మగవాడు ఏదో ఒకటి కొడతాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, లేకపోతే ఇకముందు కథ మీకు అంతుపట్టదు. మీ వైపు పిల్లలు దక్కనివాళ్ళు తర్వాత పుట్టిన బిడ్డకు పెంటయ్య అనో పిచ్చమ్మ అనో పేరు పెట్టి మృత్యువు కళ్ళు కప్పుతారట కదా. ఎక్కడ విన్నావని అడగకండి, పాత చెక్క చాలా వింటుంది. వీళ్ళది ఇంకో దారి. పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టేవారు. పేరు మట్టిలో కలిసిపోకూడదని వాళ్ళ ఆలోచన. టేబితాకు మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. దానికీ థాంక్‌ఫుల్ అనే పేరు పెట్టారు. ఎనాక్ ఇంకో ‘టి’ కాల్చాడు.

నాకు ఒళ్ళు మండింది. జుట్టు నల్లగా ఉన్న ఈ కొత్త పిల్లను ఆ పేరుతో పిలుస్తుంటే, మొదటిది ఎక్కడికి పోయినట్టు? ఒకే మంచం మీద ఒకరిని తోసేసి ఇంకొకరిని పడుకోబెట్టినట్టుంది. తర్వాత టేబితాను చూశాక నోరు మూసుకున్నాను. చిన్నది నిద్రపోతున్నప్పుడు ఆ చిల్లులోంచి చలిగాలి సన్నగా దాని నుదుటికి తగిలేది. లక్కతోనో చెక్కముక్కతోనో పూడ్చమని ఎనాక్‌ను అడగొచ్చు. అడగలేదు. చిల్లు మీద తన వేలు పెట్టుకుని కూర్చునేది. పెద్దదాని గుర్తు మీద వేలు, చిన్నదాని మీద చూపు. అలా ఇద్దరినీ సాకింది.

రెండో థాంక్‌ఫుల్ బతికింది. పెద్దదైంది. పీపాలు తయారుచేసే ఒకతన్ని పెళ్ళి చేసుకుని నన్ను తనతో తీసుకెళ్ళింది. అప్పటినుంచీ నేను ఆడవాళ్ళ వెంటే నడిచాను. తల్లి తన కూతురికి ఇచ్చేటప్పుడు ఒకటే మాట చెప్పేది, ఇది థాంక్‌ఫుల్ తొట్టి అని. కూతురు పెళ్ళయ్యాక ఇంటిపేరు మారేది, ఆమె కూతురికి ఇంకో ఇంటిపేరు. మగవాళ్ళు పొలాలు పంచుకున్నారు, నన్ను అడిగినవాడు లేడు. అదే నా అదృష్టం.

ఇన్నేళ్ళలో నేను పడని పాట్లు లేవు. ఒకావిడ నాలో పొయ్యి కట్టెలు నింపింది. ఒక కోడి పొదిగింది, పిల్లలన్నీ క్షేమం, దాన్ని నేనేమీ అనను. ఇంకొకావిడకు పాత చెక్క రంగు నామోషీ అనిపించి, ఎనాక్ చిల్లును లప్పంతో పూడ్చేసి, నాకు లోపలా బయటా నీలం రంగు కొట్టించింది. ఆమె కూతురికి నీలం నచ్చక తెలుపు కొట్టించింది. అక్షరాలు రంగు కింద సమాధి అయ్యాయి. ఆ తర్వాత ఆ గుర్తుల సంగతి తెలిసినవాళ్ళు భూమ్మీద ఎవరూ మిగల్లేదు, నేను తప్ప. చివరికి ఒక అటక మీదికి చేరాను.

నన్ను దింపింది లెనోరా. డెబ్బై దగ్గరపడిన మనిషి, స్కూలు బస్సు నడిపి రిటైరైంది. కూతురు గ్రెటా ఆమె దగ్గరే ఉంటోంది. అల్లుడిది సముద్రం మీద చేపల పడవలో పని, నెలల తరబడి ఇంటికి రాడు. నిరుడు వసంతంలో గ్రెటాకు నెలలు నిండాయని, లెనోరా నన్ను కిందికి తెచ్చి, తుడిచి, పరుపు వేసి సిద్ధం చేసింది. వంద ఏళ్ళ తర్వాత నా ఒళ్ళోకి బిడ్డ రాబోతోంది. భయంతోనే అయినా ఎంత ఎదురుచూశానో. వాళ్ళు ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో వచ్చారు. పుట్టిన పాప ఒక్క రోజు బతికిందట. ఐరిస్ అని పేరు కూడా పెట్టారట. ఆ పేరు నేను విన్నది ఆ ఒక్కసారే. లెనోరా నా మీద దుప్పటి కప్పేసింది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

అప్పుడే లెనోరాకు ఈ వంశం పిచ్చి పట్టుకుంది. పక్కగదిలో గోడవైపు తిరిగి పడుకున్న కూతురితో ఏం మాట్లాడాలో తెలియలేదు పాపం. మూడువందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళతో మాట్లాడటం తేలికనిపించింది. ఇది థాంక్‌ఫుల్ తొట్టి అని వాళ్ళ అమ్మ చెప్పిన మాట ఒక్కటే ఆమె చేతిలో ఉంది. ఆ ఒక్క దారం పట్టుకుని వెనక్కి వెనక్కి వెళ్ళింది. పాత శ్మశానాల్లో రాళ్ళ మీద నాచు గీకింది. ఊరూరా తిరిగి అడిగింది. ఒక్కో తల్లిని దాటుకుంటూ పీపాల అతని భార్య థాంక్‌ఫుల్ దాకా చేరింది. ఆమె ఎనాక్ వాడ్లీ అనే అతని కూతురని తేలితే చాలు, ఇంగ్లండు నుంచి వచ్చిన మొదటి మనిషి దొరికినట్టే.

ఈ లోగా గ్రెటా మళ్ళీ నెల తప్పింది. లెనోరా తాపత్రయం రెట్టింపైంది. ఎనాక్ నుంచి ఈ పుట్టబోయే బిడ్డ దాకా తెగని గొలుసు చూపించాలి, ఆ బిడ్డను నా ఒళ్ళో పడుకోబెట్టాలి. ఇంతమంది పుట్టి బతికిన వంశం ఇది, నీ బిడ్డా బతుకుతుందని కూతురికి చెప్పాలి. నోటితో చెప్పలేక ఆ మాటను చెట్టులా గీసి చూపిద్దామనుకుంది.

గ్రెటాకు ఎనిమిదో నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం ఎనాక్ ఊరి పాత కాగితాలు చూసే పెద్దమనిషి ఫోన్ చేశాడు. లెనోరా చేతులు పిండిలో ఉన్నాయి, ఫోను బల్ల మీద పెట్టి గట్టిగా వినిపించేలా నొక్కింది. గ్రెటా అక్కడే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆయన మర్యాదగానే చెప్పాడు. ఎనాక్ వాడ్లీకి థాంక్‌ఫుల్ అనే కూతురు ఉన్న మాట నిజమేనట. కానీ రెండేళ్ళు నిండకుండానే చనిపోయినట్టు రాసి ఉందట. ఆ తర్వాతి కొన్నేళ్ళ కాగితాలు ఎప్పుడో చెమ్మకు పాడైపోయాయట.

“పసిపిల్లగా పోయిన మనిషికి వంశం ఉండదు కదండీ. మీ గొలుసు ఇక్కడ తెగిపోయింది” అన్నాడు.

లెనోరా మొహం పాలిపోయింది. కానీ నేను చూసింది ఆమెను కాదు, గ్రెటాను. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆమె చూపు మెల్లగా నా వైపు తిరిగింది.

“అంటే ఆ పాప ఇందులోనే పోయిందన్నమాట” అంది.

లెనోరా ఏదో సర్దిచెప్పబోయింది. గ్రెటా వినలేదు. గొంతు పెంచకుండానే చెప్పింది. “నా బిడ్డను అందులో పడుకోబెట్టనమ్మా. అది నా కళ్ళ ముందు ఉండకూడదు. తీయించెయ్యి.”

నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె అన్నదాంట్లో అబద్ధమూ లేదు. పాప నా ఒళ్ళోనే పోయింది. కానీ అదొక్కటే నిజం కాదే! ఇంకో థాంక్‌ఫుల్ ఉంది తల్లీ, ఇదే ఒళ్ళో బతికింది, నువ్వు దాని వంశమే, రంగు గీకి చూడండి అని అరవాలనిపించింది. చెక్క ఎంత అరిచినా కిర్రుమనడమే. లెనోరా నన్ను ఎత్తుతుంటే నిజంగానే కిర్రుమన్నాను. పాతదైపోయింది, విరిగేలా ఉందని గొణుక్కుంది.

చెత్త తీసుకెళ్ళే బండి శనివారం వస్తుంది. అప్పటిదాకా నన్ను వాకిట్లో మెట్ల పక్కన పెట్టారు. వానలో తడిశాను, ఎండలో ఎండాను, మళ్ళీ తడిశాను. రోడ్డు మీద బండి చప్పుడు వినిపిస్తే చాలు, గుండెలు జారిపోయేవి. కాలిపోతానన్న భయం ఉంది, లేదనను. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. నేను పోతే ఆ రాగిరంగు జుట్టు పిల్ల ఉన్నట్టు, దాని తర్వాత చెల్లెలు బతికినట్టు చెప్పే ఆనవాలు ఇంకెక్కడా ఉండదు. గ్రెటాకు మిగిలేది, మా ఇంట్లో పిల్లలు పోతారన్న ఒక్క మాటే. ఆ మాట మనసులో పెట్టుకునే ఆమె కాన్పుకు వెళ్తుంది.

శుక్రవారం సాయంత్రం వాన వెలిసి ఎండ కాసింది. గ్రెటా నడుము పట్టుకుని వచ్చి మెట్ల మీద కూర్చుంది. నా వైపు చూడకూడదనే వచ్చినట్టుంది, రోడ్డు వైపు మొహం పెట్టింది. చెమ్మకు ఉబ్బిన లప్పం అప్పటికే కదిలి ఉంది. ఆ వేడికి బిళ్ళలా ఊడి కింద పడింది. ఎండ నా కప్పులోంచి దూరి, చిన్న వెలుగు చుక్కై ఆమె పొట్ట మీద పడింది.

ఆమె ఆ చుక్కను చూసింది. చేత్తో తుడవబోయింది, అది చేతి మీదికి ఎక్కింది. ఎక్కడినుంచి వస్తోందా అని వంగి నా కప్పు లోపలికి చూసింది. చిల్లు చుట్టూ రంగు పొరలు పొరలుగా లేచి ఉంది, కింద ఏదో నల్లటి గీత. గోరుతో లాగబోతుంటే లెనోరా తలుపు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది.

పాత రంగుల్లో సీసం ఉంటుందని, కడుపుతో ఉన్నదానివి ముట్టుకోవద్దని కేకలేసింది. గ్రెటాను పక్కకు జరిపి, తానే తడిగుడ్డతో, వంటింటి చాకుతో ఆ పొర లేపింది. తెలుపు పోయింది, నీలం పోయింది. పైన ‘ఎస్’. దాని కింద ‘టి’, పక్కనే చిల్లు. లెనోరా అక్కడే ఆగిపోయింది. ఆగొద్దు తల్లీ, ఇంకొంచెం, ఇంకొంచెం కిందికి అని నేను లోలోపల ఒకటే మొత్తుకోలు.

“ఇంకా ఉన్నట్టుంది, గీకమ్మా” అంది గ్రెటా.

కింద రెండో ‘టి’ బయటపడింది. దాని పక్కన చిల్లు లేదు.

లెనోరాకు అర్థం కాలేదు. ఒకే అక్షరం రెండుసార్లు ఎందుకు వేశారు, మొదటిది చెడిపోయిందేమో అంటోంది. ఇన్నాళ్ళు ఇన్ని శ్మశానాలు తిరిగిన మనిషికి తట్టలేదు. గ్రెటాకు వెంటనే తట్టింది. పోయిన పాప, తర్వాత వచ్చే పాప, నిరుటినుంచీ ఆమె మనసులో తిరుగుతున్నది అదే కదా.

“చెడిపోలేదమ్మా. మొదటి పాప పోయింది. తర్వాత ఇంకో పాప పుట్టింది. దానికీ అదే పేరు పెట్టారు. మనం ఆ రెండో పాప పిల్లలం.”

లెనోరా మెట్ల మీద కూలబడింది. ఇద్దరు పిల్లలను ఒకరే అనుకున్నానని తల పట్టుకుంది. తర్వాత, తాను ఐరిస్ కోసం అల్లిన ఊలు దుప్పటి పారెయ్యలేదని చెప్పింది. దాని మీద ఆ పేరు కూడా అల్లిందట. ఈసారి ఆడపిల్ల పుడితే ఆ పేరే పెడతావేమోనని, అడగడానికి ధైర్యం చాలక బీరువా అడుగున దాచిందట.

“పెట్టను” అంది గ్రెటా. “వాళ్ళ పద్ధతి వాళ్ళది. ఐరిస్ పేరు ఐరిస్‌దే. ఆ దుప్పటి నాకు ఇవ్వు, దాచుకుంటాను.”

ఏడాది తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు బయటికి వచ్చింది. తల్లీకూతుళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. నేను మధ్యలో తడిసిపోయాను. వానకంటే అది నయం.

శనివారం బండి వచ్చి ఆగి, వెళ్ళిపోయింది. లెనోరా నన్ను తెలిసిన వడ్రంగి దగ్గరికి తీసుకెళ్ళి రంగంతా తీయించి నూనె పట్టించింది. ఎనాక్ చేతుల్లోంచి వచ్చినప్పటి నా ఒళ్ళు నాకు తిరిగొచ్చింది. ఇంటికి తెచ్చాక, గ్రెటా ఒక మేకు తీసుకుని పొయ్యి మంట మీద ఎర్రగా కాల్చింది. నా కప్పు లోపల, అక్షరాలన్నిటి కింద, ‘ఐ’ అని వేసింది. నా ఒళ్ళోకి రాని బిడ్డకు నా ఒళ్ళో చోటిచ్చింది. తర్వాత చల్లారిన మేకునూ సుత్తినీ తల్లి చేతికిచ్చింది. లెనోరా ‘ఐ’ పక్కన మేకు ఆనించింది. మొదటి దెబ్బ పక్కకు పోయింది. తర్వాత కొట్టింది. నొప్పి పుట్టింది, ఓర్చుకున్నాను.

ఇప్పుడు నా ఒళ్ళో ఒక పాప ఉంది. పేరు మాబెల్. వచ్చి వారం కాలేదు. దాని అక్షరం వేయడానికి ఇంకా గ్రెటాకు ధైర్యం చాల్లేదు, రేపు వేద్దాం, రేపు వేద్దాం అంటోంది. తొందరపెట్టే ధైర్యం నాకూ లేదు. మధ్యాహ్నం వేళ, కిటికీ తలుపు సరిగా పడదు, సముద్రం గాలి సన్నగా లోపలికి వస్తుంది. నా కప్పుకు ఇప్పుడు రెండు చిల్లులు. ఆ రెండింటిలోంచీ గాలి పాప నుదుటికి తగులుతుంటే, అది నిద్రలో మొహం చిట్లించింది. నేను హడలిపోయాను.

వాటిని పూడ్చాలని తల్లీకూతుళ్ళలో ఎవరూ అనలేదు. గ్రెటా చెయ్యి చాపి ఐరిస్ చిల్లు మీద వేలు పెట్టింది. లెనోరా కుర్చీ దగ్గరికి లాక్కుని థాంక్‌ఫుల్ చిల్లు మీద వేలు పెట్టింది. గాలి ఆగింది. పాప ఊపిరి మెల్లగా ఆడుతోంది. నేను వింటున్నాను.